టీచింగ్ పోర్ట్‌ఫోలియో అంటే సర్టిఫికెట్ల కట్ట కాదు

మెడికల్, నర్సింగ్ కాలేజీల్లో ప్రమోషన్ ఇంటర్వ్యూ డేట్ రాగానే మన వైజాగ్‌లో జరిగేది ఒకటే. బీరువాలోని సర్టిఫికెట్లన్నీ పట్టుకుని జగదాంబ వైపు పరుగు, జెరాక్స్, స్పైరల్ బైండింగ్. ఆ లావుపాటి పుస్తకంలో మీరు ఎన్ని వర్క్‌షాపుల్లో కూర్చున్నారో ఉంటుంది గానీ, ఎలా పాఠం చెబుతారో ఎక్కడా ఉండదు. దాన్ని ఆధారాలతో చూపించేదే టీచింగ్ పోర్ట్‌ఫోలియో.

ముందు డ్రైవ్‌లో ఐదు ఫోల్డర్లు పెట్టండి: బోధన, అసెస్‌మెంట్, కరిక్యులమ్, మెంటరింగ్, విద్యా బాధ్యతలు. 2006లో అమెరికా మెడికల్ కాలేజీల సంఘం చేసిన విభజన ఇది. ఆరోది వద్దు, ‘ఇతరములు’ అసలే వద్దు. ప్లాస్టిక్ కవర్ల ఫైలు కూడా వద్దు. ఈ ఊరి సముద్రపు గాలికి రెండు వానాకాలాలు గడిస్తే కాగితం కవర్‌కి అంటుకుపోతుంది. స్కాన్ చేసి పెట్టండి.

తర్వాత లెసన్ ప్లాన్లు, ప్రశ్నపత్రాల బ్లూప్రింట్లు (ఏ పాఠానికి ఎన్ని మార్కులో చూపే పట్టికలు), స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ వాటి వాటి ఫోల్డర్లలో వేయండి. చివరికి ఒక్కో దాంట్లో మూడే ఉంచండి. నాలుగోది ఎవరూ చదవరు.

ఇక అందరూ చెడగొట్టేది రిఫ్లెక్షన్, అంటే మన బోధనను మనమే వెనక్కి తిరిగి చూసుకుని రాసే పేజీ. ‘విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు, నాకు తృప్తి కలిగింది’ అని రాస్తారు. అది వీడ్కోలు సభలో చెప్పే మాట. 2019లో ఎంబీబీఎస్‌కి సీబీఎంఈ (సామర్థ్యాల ఆధారిత కరిక్యులమ్) వచ్చాక ఎట్‌కామ్ (వైఖరి, నైతికత, కమ్యూనికేషన్) క్లాసుల్లో పిల్లల చేత రిఫ్లెక్షన్ రాయించి, బాగోలేదని వెనక్కి కొట్టేది మనమే. మన వంతు వస్తే మాత్రం ఇలా!

మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: ఏం జరిగింది, దానివల్ల నాకేం అర్థమైంది, తర్వాత ఏం మార్చాను. ఉదాహరణకు ఓస్కీలో (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి, చెక్‌లిస్ట్‌తో మార్కులేసే ప్రాక్టికల్ పరీక్ష) బీపీ స్టేషన్ తీసుకోండి. చాలామంది పిల్లలు మణికట్టు దగ్గర పల్స్ పట్టుకుని చూడకుండానే కఫ్‌లో గాలి కొట్టి స్టెతస్కోప్ పెట్టేస్తున్నారు. ఆస్కల్టేటరీ గ్యాప్ (కఫ్ గాలి వదులుతుంటే మధ్యలో కాసేపు శబ్దం వినిపించకుండా పోవడం) ఉన్న పేషెంట్‌కి అలా చేస్తే సిస్టాలిక్ తక్కువగా రావచ్చు. చెక్‌లిస్ట్ తిరగేస్తే పల్స్ చూడటానికి అసలు మార్కే లేదు. మార్కు లేనిది పిల్లలు చేయరు. చెక్‌లిస్ట్ మార్చారు, డెమో మార్చారు, తర్వాతి బ్యాచ్‌లో ఏం తేడా వచ్చిందో రాశారు. పాత చెక్‌లిస్ట్, కొత్తది పక్కపక్కన పెట్టారు. రిఫ్లెక్షన్ అంటే అంతే. తేడా రాకపోతే అదే రాయండి, దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఒక్క పేజీ దాటొద్దు. క్లాసు అయిన రోజు సాయంత్రమే రాయాలి. ఇంటర్వ్యూ ముందు రాత్రి గుర్తు తెచ్చుకుని రాసింది కమిటీకి ఇట్టే తెలిసిపోతుంది. ఏఐ చేత రాయించిందైతే ఇంకా త్వరగా తెలుస్తుంది, అందరి పేజీలూ కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి. కొందరు పెద్ద పెద్ద ఎడ్యుకేషన్ థియరీల పేర్లతో పేజీ నింపుతారు. మీ క్లాసులో ఏం జరిగిందో చెప్పలేని థియరీ ఎందుకండీ?

ఫొటోల్లో పేషెంట్ ముఖం, ఓపీ నంబరు, ఫీడ్‌బ్యాక్‌లో పిల్లల పేర్లు కనబడకుండా చెరిపేయండి. పైన నల్ల పెట్టె పెట్టి వదిలేయకండి. పీడీఎఫ్‌లో అది జరిపితే కింద ఉన్నదంతా కనిపిస్తుంది.

అయ్యాక వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లకు ఇచ్చి చదివించండి. సొంత డిపార్ట్‌మెంట్ వాళ్లు ‘బావుంది మేడమ్’ అనేసి టీకి వెళ్లిపోతారు.