పొదుపు సంఘం నెలవారీ సమావేశాన్ని లెక్క తప్పకుండా జరుపుకోవడం ఎలా?

కర్నూలు, అనంతపురం జిల్లాల పల్లెల్లో పొదుపు సంఘాలు కొత్తవి కావు. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఈ జిల్లాల్లో సంఘాలను కూడగట్టే పని పెద్దఎత్తున సాగింది. కర్నూలు జిల్లాలో మండలంలోని సంఘాలన్నీ కలిసి ఏర్పడిన ఓర్వకల్లు మండల సమాఖ్యకు పేరు రావడం అప్పటి నుంచే మొదలైంది. నాటి నుంచి పథకాల పేర్లు ఎన్నో మారినా, సంఘం నిలబడేదీ చెడిపోయేదీ నెలనెలా జరిగే సమావేశంలోనే. అందుచేత కొత్తగా ఏర్పడిన సంఘాలకు, ఈమధ్యే నాయకురాళ్లు మారిన సంఘాలకు ఉపయోగపడేలా ఆ సమావేశం జరుపుకొనే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాము.

తేదీ మార్చకూడదు, వేళ మాత్రం మార్చుకోవచ్చు. వేరుశనగ కలుపు తీతల కాలంలో సభ్యులు పొలం నుంచి వచ్చి, వంట ముగించుకొనే సరికి రాత్రి ఎనిమిది దాటుతుంది కనుక, సాయంత్రం నాలుగింటికి పిలిచి ఎవరూ రాలేదని నిష్ఠూరమాడడం వల్ల ప్రయోజనం లేదు. సమావేశం బడి వరండాలోనో గుడి అరుగు మీదనో జరిగితే మంచిది. ఎప్పుడూ నాయకురాలి ఇంట్లోనే జరిగితే, ఆ ఇంటితో మాటలు లేని సభ్యురాలు డబ్బు మాత్రం పిల్లల చేత పంపి తాను రావడం మానేస్తుంది. కొన్నాళ్లకు పుస్తకాలు కూడా ఆ ఇంటివే అన్నట్టు తయారవుతుంది.

అందరూ గుండ్రంగా కూర్చున్నాక ముందు హాజరు వేసి, గత నెల తీర్మానాలను గట్టిగా చదివి వినిపించాలి. ఆ తరువాతే డబ్బు బయటికి రావాలి. ఒక్కొక్కరూ తమ పాసు పుస్తకాన్నీ సొమ్మునూ ముందు పెడితే, రెండవ నాయకురాలు నోట్లు లెక్కపెట్టి, “లక్ష్మక్క, పొదుపు రెండు వందలు” అని అందరికీ వినపడేలా చెప్పాలి. పుస్తకాలు రాసే ఆమె అదే అంకెను నగదు పుస్తకంలోనూ పాసు పుస్తకంలోనూ రాసి, పాసు పుస్తకాన్ని ఆ సభ్యురాలి చేతికే తిరిగి ఇవ్వాలి. “అన్నీ రేపు ఇంటి దగ్గర తీరిగ్గా రాస్తాను వదినా” అనే మాటను ఎంత మంచి మనిషి అన్నా ఒప్పుకోకూడదు. చదువురాని సభ్యురాలి చేత వేలిముద్ర వేయించే ముందు అంకెను ఆమెకు చదివి చెప్పి, ఆమె నోటితో మళ్లీ చెప్పించుకోవాలి.

సంఘం సొంత సొమ్ములోంచి సభ్యులకు ఇచ్చే అంతర్గత అప్పుల వడ్డీ దగ్గరే ఎక్కువ సంఘాలు తడబడతాయి. నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఆ లెక్కన 5,000 రూపాయలు తీసుకొని పది కంతుల్లో తీర్చే సభ్యురాలు మొదటి నెల అసలు 500, వడ్డీ 50 కలిపి 550 కట్టాలి. రెండవ నెలకు మిగిలిన అసలు 4,500 మాత్రమే కనుక వడ్డీ 45 రూపాయలు, కట్టవలసింది 545. ఇలా తగ్గుతూ పోతే పది నెలలకు మొత్తం వడ్డీ 275 రూపాయలు అవుతుంది. తీరిన అసలును తీసివేయకుండా ప్రతి నెలా 50 చొప్పున వసూలు చేస్తే అది 500 అవుతుంది. తెలియక చేసినా ఇది సభ్యురాలికి అన్యాయమే.

అప్పు ఎవరికి ముందు ఇవ్వాలన్నది సమావేశంలో అందరూ మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. ఆసుపత్రి ఖర్చును, విత్తన కాలపు అవసరాన్ని ముందు చూసి, తక్కినవి తరువాతి నెలకు పెట్టుకోవచ్చు. బ్యాంకు అప్పు వచ్చినప్పుడు మాత్రం చాలాచోట్ల గొడవ ఎందుకని అందరికీ సమానంగా పంచేస్తారు. చూడడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. కానీ అవసరం లేని వారు తమ వాటాను మూడు రూపాయల వడ్డీకి బయట తిప్పుతుంటే, గేదె కొనదలచిన వారికి ఆ వాటా చాలక మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసి వస్తుంది. ఒకరి పేరు మీద తీసుకొన్న సొమ్మును మరొకరు వాడుకోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే కంతు తప్పిన రోజున వాడుకొన్న ఆమె పేరు పుస్తకంలో ఎక్కడా కనిపించదు.

కర్నూలు జిల్లాలో కోసిగి, కౌతాళం వైపు సంఘాలకు మరో చిక్కు ఉంది. సుగ్గి కాలంలో సభ్యుల్లో చాలామంది మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళ్లిపోతారు. బయలుదేరే ముందు జరిగే సమావేశంలోనే ఎవరెవరు ఎన్ని నెలలు ఉండరో, పొదుపును ముందుగా కడతారా, అక్కడి నుంచి పంపుతారా అన్నది తీర్మానంగా రాసుకోవాలి. ఫోన్‌లో పంపేవారు సంఘం బ్యాంకు ఖాతాకే పంపాలి గాని నాయకురాలి సొంత ఖాతాకు పంపకూడదు. ఊళ్లో మిగిలింది నలుగురే అయినా వారు కూర్చొని పుస్తకం రాయాలి. పెద్ద మొత్తాల అప్పుల నిర్ణయాలను మాత్రం అందరూ తిరిగి వచ్చేదాకా ఆపడం మేలు.

లేచే ముందు నగదు సరిచూసుకోవాలి. పన్నెండు మంది పొదుపు 2,400, ఇద్దరి కంతులు 550, 545 కలిపి 3,495 వచ్చి, అందులో 3,000 అప్పుగా ఇస్తే పెట్టెలో 495 ఉండాలి. పది రూపాయల తేడా వచ్చినా అక్కడే వెతకాలి. ఎవరో ఒకరు జేబులోంచి వేసి సర్దేస్తే తప్పు పుస్తకంలోనే ఉండిపోతుంది. పుస్తకం సరిగా ఉండడం బ్యాంకు దగ్గర కూడా ముఖ్యమే. బ్యాంకు అప్పుకు సంఘం కనీసం ఆరు నెలలుగా పనిచేస్తూ ఉండాలన్న నిబంధనలో ఆ ఆరు నెలలను లెక్కించేది ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు, సంఘం పుస్తకాలను బట్టి. మిగిలిన సొమ్మును మరునాడే బ్యాంకులో జమ చేసి, రసీదును తీర్మానాల పుస్తకంలో ఆ నెల పేజీకి అతికించి, వచ్చే సమావేశంలో హాజరు వేయగానే దానిని అందరికీ చూపించాలి.