చిన్ననాటి నేస్తాల ప్రేమకథను 16 పేజీల మాంగాగా గీయాలంటే

ముందు దిశ తేల్చుకోండి. జపాన్ బొమ్మల కథ అయిన మాంగా కుడి నుంచి ఎడమకు సాగుతుంది, తెలుగు ఎడమ నుంచి చదువుతాం. రెండూ కలిపేస్తే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వస్తుంది. ఒక్కో బొమ్మ ఉండే గళ్లు ఎడమ నుంచే పేర్చండి.

ఏ4 కాగితంపై 150×220 మిల్లీమీటర్ల చట్రం, పేజీకి 5 గళ్లు చాలు. జపనీస్‌ నిలువు రాతకు మాటల బుడగలు సన్నగా, పొడవుగా ఉంటాయి. అవే దించేస్తే తెలుగు పదం మధ్యలో విరుగుతుంది. ముందు మాటలు రాసి, ఒత్తులు కింది వరుస గుడులను తాకకుండా చూసుకుని, ఆ తర్వాతే చుట్టూ బుడగ గీయండి.

ఈ కథకు ప్రాణం పిలుపులో ఉంది. చిన్నప్పటి నుంచి "ఏటే", "ఏటిరా" అనుకునే ఇద్దరిలో ఒకరు పన్నెండో పేజీలో తొలిసారి పేరు పెట్టి పిలవాలి. అంతకుముందు ఆ నోట ఆ పేరు ఒక్కసారి వచ్చినా ఈ ఘట్టం చప్పబడిపోతుంది. ఆ గడిలో నేపథ్యం తీసేయండి. తర్వాతి గడిలో మాటే వద్దు, చూపులు చాలు.

మూడో పేజీలోనూ పద్నాలుగో పేజీలోనూ అదే విశాఖ ఆర్కే బీచ్ గట్టు, అదే కోణం. మొదట పిల్లల కాళ్లు నేలకు అందవు, తర్వాత అందుతాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేలా దక్షిణంగా చూపిస్తే సముద్రం ఎడమవైపే ఉండాలి. తిప్పేస్తే విశాఖ పాఠకులు ఇట్టే పట్టేస్తారు.

ఏడేళ్ల పిల్లల ఎత్తు వాళ్ల తల పొడవుకు ఐదింతలు, ఇరవై ఏళ్లకు ఏడింతలు గీయండి. పుట్టుమచ్చ మాత్రం చోటు మారకూడదు.

సముద్రపు తేమకు ఇంకు ఆలస్యంగా ఆరుతుంది. పాళీని తుడిచి పొడిగా దాచకపోతే తుప్పు పడుతుంది.