యాక్షన్ ఫ్రాంచైజీలో పోరాటాలు బాగున్నా ప్రేక్షకుడు నీరసపడితే: సమస్య, కారణం, పరిష్కారం

పోరాటాలు అద్భుతంగా కుదిరాయి, గ్రాఫిక్స్‌కు వంక పెట్టడానికి లేదు, నేపథ్య సంగీతం హోరెత్తుతోంది, అయినా ప్రివ్యూలో చివరి అరగంట జనం ఫోన్లు తీశారు. భారీ యాక్షన్ సినిమాల స్క్రీన్‌ప్లేలు సరిచేసే పనిలో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న ఫిర్యాదు ఇదే. దాని వెంటే, ఇలాంటి సినిమాలో కథ ఎవరు చూస్తారు అన్న మాట కూడా వినిపిస్తుంది. ఆ మాట నమ్మినవారే ఈ ఫిర్యాదుతో మళ్లీ మళ్లీ వస్తున్నారు కాబట్టి, ముందు దాని సంగతి చెప్పి తర్వాత మరమ్మతులోకి వెళ్తాను.

రచన బలహీనంగా ఉన్నా డబ్బు వస్తుందన్నది కొంతవరకు నిజమే. ఫ్రాంచైజీ సినిమాకు మొదటి వారాంతపు వసూళ్లు చాలావరకు ముందు భాగం మిగిల్చిన అభిమానం వల్ల వస్తాయి. అందుచేత ఈ భాగంలో చేసిన తప్పుకు తర్వాతి భాగం మూల్యం చెల్లిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్స్ వరుసలో 2014 నాటి నాలుగో భాగం ప్రపంచవ్యాప్తంగా 110 కోట్ల డాలర్లు దాటగా, 2017 నాటి అయిదో భాగం సుమారు 60 కోట్ల దగ్గర ఆగిపోయింది. 1997లో నాలుగో బ్యాట్‌మన్ సినిమా వచ్చాక ఆ పాత్ర మళ్లీ సొంత సినిమాతో తెర మీదికి రావడానికి 2005 దాకా పట్టింది. ఇటువంటి పతనాలకు ఒక్కటే కారణమని నేను అనను గాని, ఈ రెండు చోట్లా పోరాటాల పరిమాణం మాత్రం తగ్గలేదు.

అందరూ దాటవేసే తనిఖీ

స్క్రిప్టులోంచి ఒక్కో పోరాటాన్ని తీసేసి, దాని ముందు సీనును తర్వాతి సీనుకు నేరుగా కలిపి, కథ తెలియని వ్యక్తి చేత చదివించండి. అతను ఎక్కడా ఆగకుండా, ఏమీ అడగకుండా చదువుకుపోతే ఆ పోరాటం కథలో ఏ పనీ చేయడం లేదని అర్థం. ఇందుకు ఒక మధ్యాహ్నం సరిపోతుంది. అయినా నా దగ్గరికి వచ్చిన స్క్రిప్టుల్లో చాలావాటికి ఈ పరీక్ష జరగనే లేదు, ఎందుకంటే పేజీ మీద ఆ పోరాటం "ఇక్కడ ఛేజ్" అన్న ఒక్క పంక్తిగా ఉంటుంది, చదివేవారి కన్ను దాని మీద నిలవదు. అదే పంక్తి తెర మీద పన్నెండు నిమిషాలై కూర్చుంటుంది.

పరిష్కారం కష్టమైనది కాదు. పోరాటం ముగిసేసరికి నాయకుడు ఏదైనా పోగొట్టుకోవాలి, లేదా అంతవరకు తెలియనిది తెలుసుకోవాలి, లేదా అతనికి ఉన్న ఒక దారి మూసుకుపోవాలి. 1988 నాటి డై హార్డ్‌లో నాయకుడి కాళ్లకు చెప్పులు లేవని ప్రతినాయకుడు గమనిస్తాడు, గమనించాడు కాబట్టి అద్దాలు కాల్చమంటాడు, కాల్చినందువల్ల గాజుపెంకుల మీద నడిచిన నాయకుడు స్నానాల గదిలో పాదాల్లోంచి ఒక్కో పెంకు లాగుతూ, తన భార్యకు క్షమాపణ చెప్పమని రేడియోలో వేడుకుంటాడు. ఆ కాల్పులు తీసేస్తే ఆ క్షమాపణకు చోటే ఉండదు.

లక్షణం: ప్రమాదం పెద్దదే గాని ఉత్కంఠ లేదు

ఏది జరిగితే నాయకుడు ఓడిపోతాడో ప్రేక్షకుడికి ముందుగా చెప్పలేదు, అంతే. 1996 నాటి మిషన్: ఇంపాజిబుల్‌లో నాయకుడు దొంగచాటుగా దిగే గదిలో శబ్దం, ఉష్ణోగ్రత, నేల మీద పడే బరువు, ఈ మూడింటిలో ఏది పెరిగినా అలారం మోగుతుందని ముందే వివరించారు కాబట్టే ఒక్క చెమట బొట్టు దగ్గర ఊపిరి ఆగుతుంది. నియమాలు ముందు చెప్పండి, మూడుకు మించకుండా చెప్పండి.

లక్షణం: ప్రతినాయకుడు ఉన్నట్టుండి తెలివితక్కువవాడిలా కనిపిస్తున్నాడు

నన్ను బాగా దెబ్బతీసిన కారణం ఇక్కడుంది కాబట్టి వివరంగా చెప్పాలి. భారీ సినిమాల్లో సెట్లు, స్టంట్లు, ప్రీవిజ్ (సీనును ముందుగా కంప్యూటర్‌లో నమూనాగా చేసి చూసుకోవడం) పనులు షూటింగ్‌కు నెలల ముందే మొదలవుతాయి, రచన మాత్రం ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది. కొత్త డ్రాఫ్టులో పాత్రల ఉద్దేశాలు మారిపోతాయి, పాత ఉద్దేశం కోసం రూపొందిన పోరాటం మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. విడిగా చదివితే సీను బాగానే ఉంటుంది, విడిగా చూస్తే పోరాటం ఇంకా బాగుంటుంది, అందుకే తప్పు ఎవరికీ దొరకదు.

నేను పనిచేసిన ఒక సినిమాలో, మొదటి డ్రాఫ్టు ప్రకారం రహస్యం నాయకుడికి ఒక్కడికే తెలుసు, అందువల్ల రైలు మీద జరిగే పోరాటంలో ప్రతినాయకుడి మనుషులు అతన్ని ప్రాణాలతో పట్టుకోవాలని చూస్తారు. తర్వాతి డ్రాఫ్టుల్లో ఆ రహస్యం ఒక హార్డ్ డిస్కులోకి మారింది, ఆ డిస్కు అప్పటికే ప్రతినాయకుడి చేతిలో ఉంది. అయినా రైలు మీద ఇరవైమంది నడుముకు తుపాకులు పెట్టుకుని ఒట్టి చేతులతో కలబడుతూనే ఉన్నారు. ప్రివ్యూ చూసినవారు మాత్రం క్లైమాక్స్ సాగిందని రాశారు, రైలు గురించి ఎవరూ రాయలేదు. మేము క్లైమాక్స్‌లో ఏడు నిమిషాలు కోశాం, నేను దాన్ని రెండుసార్లు తిరగరాశాను, అయినా ఫలితం మారలేదు. చివరికి స్టంట్ బృందం గోడకు అంటించుకున్న స్టోరీబోర్డు (షాట్ల వారీగా గీసిన బొమ్మలు) మీద అయిదు డ్రాఫ్టుల కిందటి తేదీ చూసినప్పుడు విషయం తెలిసింది. ఈ మనుషులు చంపరని ప్రేక్షకులు రైలు దగ్గరే గ్రహించారు, అందుకే గంట తర్వాత ప్రతినాయకుణ్ణి చూసి భయపడలేదు. లక్షణం ఒకచోట, రోగం మరొకచోట ఉండటమే దీనిలోని మోసం.

ఇది రాకుండా ఉండాలంటే, ప్రతి పోరాటానికి ఒక చీటీ రాసి స్టోరీబోర్డుకు జత చేయండి: ఎవరికి ఏం కావాలి, ఇక్కడే ఎందుకు, ఇప్పుడే ఎందుకు, చంపడానికి వచ్చారా పట్టుకోవడానికా, ముగిశాక ఏం మారింది. కొత్త డ్రాఫ్టు వచ్చిన ప్రతిసారీ ఆ చీటీలన్నీ మళ్లీ సరిచూడండి.

పోరాటం అప్పటికే చిత్రీకరించి ఉంటే దాని జోలికి వెళ్లకండి, అంతకంటే ఖరీదైన వస్తువు సినిమాలో ఉండదు. దాని ముందు సీను మార్చండి. మా సినిమాలో డిస్కు తెరుచుకోవాలంటే నాయకుడు బతికుండాలన్న విషయాన్ని, ఇద్దరు నటులు ఒకే గదిలో మాట్లాడుకునే ఒక పేజీ సీనుగా రాసి ఒక్క రోజులో ప్యాచ్ వర్క్‌గా, అంటే షూటింగ్ ముగిశాక విడిగా, తీశాం. కోసిన ఏడు నిమిషాలనూ తిరిగి పెట్టాం, ఈసారి ఎవరూ సాగిందనలేదు. "వాడు నాకు ప్రాణాలతో కావాలి" అని వెనక్కి తిరిగి నిలబడిన పాత్ర మీద డబ్బింగ్‌లో ఒక మాట చేర్చి గట్టెక్కుదామని చాలామంది చూస్తారు. ఎందుకు కావాలో తెలియనంతవరకు ఆ మాట నిలవదు.

ఇందులో పోరాటాలను ముందుగా రూపొందించడాన్ని తప్పు పట్టకూడదు. 2015లో వచ్చిన మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్ కోసం సుమారు 3,500 స్టోరీబోర్డు చిత్రాలు గీశారు, మాటలు చాలా తక్కువ, అయినా అది గట్టి రచన. పారిపోతున్న ప్రధాన పాత్రలు వచ్చిన దారిలోనే వెనక్కి తిరుగుతాయి, అయితే తిరగాలన్న నిర్ణయం కొత్తది కాబట్టి అదే దారిలో జరిగే పోరాటానికి వేరే అర్థం వస్తుంది.

లక్షణం: తర్వాతి భాగం కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు

చివర్లో మరింత పెద్ద శత్రువును చూపించి వదిలేశారు. శత్రువు పరిమాణం గురించి ఎవరూ ఏళ్ల తరబడి ఆలోచించరు. బాహుబలి మొదటి భాగం 2015లో ఒక నమ్మకస్తుడి చర్య మీద ఆగింది కాబట్టి, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2017 దాకా జనం నోళ్లలో నానింది.

అరుదైన కారణాలు

రచయితల సమ్మె వల్ల స్క్రిప్టు అసంపూర్తిగా ఉండిపోవడం జరుగుతుంది. 2008 నాటి జేమ్స్ బాండ్ సినిమా క్వాంటమ్ ఆఫ్ సొలేస్ విషయంలో తానూ దర్శకుడూ కలిసి సీన్లు సవరించుకోవలసి వచ్చిందని అందులో నాయకుడిగా నటించిన డేనియల్ క్రెయిగ్ స్వయంగా చెప్పారు. మధ్యలో నటుడు మారడం, సెన్సార్‌లో కీలకమైన ముక్క పోవడం కూడా ఉంటాయి, వాటిని వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఇవేవీ కాకపోతే సౌండ్ మిక్సింగ్ గదికి వెళ్లి, పోరాటానికి ముందు వచ్చే సీనును సంగీతం లేకుండా ఒకసారి, సంగీతంతో ఒకసారి వినండి. పోరాటానికి కారణం చెప్పే ఆ ఒక్క వాక్యం డప్పుల కింద వినపడకుండా పోయిన సినిమాలు నేను రెండు చూశాను.