అంతిమయాత్రకు పాత అంబులెన్స్ తీసే ముందు

అమెరికాలో ఈఎంఎస్ (అత్యవసర వైద్య సేవల) సిబ్బంది అంత్యక్రియలకు 1950, 60ల నాటి కాడిలాక్ అంబులెన్స్ తెప్పిస్తుంటే, ముందురోజే ఇవి చూసుకోండి.

శవపేటిక బిగింపు: లోపలి హుక్ స్ట్రెచర్ కోసం పెట్టింది, పేటికను ఆపదు. నేల మీద రోలర్లు, పేటికను నిలిపే పిన్నులు ఉన్నాయో లేదో చూడండి. అంబులెన్స్‌గానూ శవవాహనంగానూ పనికొచ్చే "కాంబినేషన్" బండిలో రోలర్లు తిరగేస్తే పైకొస్తాయి. లేకుంటే పేటికను హెర్స్‌లోనే (శవవాహనంలోనే) పంపి, అంబులెన్స్‌ను ముందు నడపండి. ఎత్తు ఎక్కేటప్పుడు పేటిక జారి వెనక తలుపుకు కొట్టుకుంటే ఆ కుటుంబానికి ఏం సమాధానం చెప్తారు?

కొలత: మామూలు పేటిక సుమారు 84 అంగుళాల పొడవు, 28 వెడల్పు. ఖాళీది ఎక్కించి చూడండి, పిడులు తలుపు అంచుకు తగులుతాయి.

వేడి: నడక వేగంలో రేడియేటర్‌కు గాలి చాలదు. కూలెంట్, ఫ్యాన్ బెల్ట్ చూడండి. ఎండలో ఎక్కువసేపు ఆగితే పెట్రోల్ లైన్‌లోనే ఆవిరై ఇంజిన్ ఆగిపోతుంది.

బ్యాటరీ: ఆల్టర్నేటర్ కాక పాత డైనమో ఉన్న బండిలో, ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే బ్యాటరీ ఛార్జ్ కాదు. కాబట్టి లైట్లు మాత్రం వేస్తే చాలు. పెద్ద మోటార్ సైరన్ ఒక్కటే సుమారు 100 ఆంపియర్లు లాగుతుంది, చనిపోయిన సిబ్బందిని రేడియోలో ఆఖరిసారి పిలిచే చివరి రేడియో కాల్ వేళ అదెలాగూ వద్దు.

బ్రేకులు: సింగిల్ సర్క్యూట్ (నాలుగు చక్రాలకూ ఒకే ద్రవ మార్గం) అయితే ఒక్క గొట్టం కారినా నాలుగు చక్రాలకూ బ్రేకులు పోతాయి.

టైర్లు: అరుగుదల కాదు, తయారీ తేదీ చూడండి.