ఫోటో చూసి ఊరు పేరు చెప్పడం ఎలా?

"ఇది ఏ ఊరో చెప్పుకోండి చూద్దాం" అంటూ స్నేహితుల గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెడతారు. కింద ఒకటో రెండో ఆధారాలు ఉంటాయి. నిమిషం తిరగకముందే పేర్లు వచ్చి పడతాయి: హంపి, గోల్కొండ, ఊటీ, మళ్లీ హంపి. చాలామంది తాము వెళ్లిన చోటునో, తరచూ విన్న చోటునో చెప్పేస్తారు. ఫోటోలో ఉన్నదాన్ని చదివి చెప్పేవారు తక్కువ. నాకు ఈ ఆట ఎంతో ఇష్టం. ఒక ఊరిని ఇంత శ్రద్ధగా చూసే అవకాశం ఆ ఊరికి వెళ్లినప్పుడు కూడా మనకు దొరకదు. పద్ధతి తెలిస్తే ఎన్నడూ అడుగు పెట్టని ఊరిని సైతం ఇంట్లో కూర్చుని పట్టుకోవచ్చు. ఆ పద్ధతికి రెండు నియమాలున్నాయి. ఫోటో ఎక్కడిదో వెతికే ముందు ఎక్కడిది కాదో తేల్చాలి. రుజువు దొరికేదాకా మన ఊహను జవాబు అనుకోకూడదు.

ముందు అంచులు చూడండి

ఫోటో తీసినవారు మధ్యలో గుడినో, జలపాతాన్నో, కోటనో పెడతారు. మన కళ్లు అక్కడే ఆగిపోతాయి. పొడుపు పెట్టేవారు కూడా ఆ మధ్య భాగం తేలిగ్గా దొరకకుండా జాగ్రత్త పడతారు. అంచుల మీద మాత్రం ఎవరూ అంత దృష్టి పెట్టరు. మూలన సగం తెగిన దుకాణం బోర్డు, గోడ పక్కన ఆగిన ఆటో, పొలం గట్టున పాతిన రాళ్లు, వెనక కొండ వంపు, ఇంటి కప్పు మీది పెంకులు: ఎక్కువసార్లు ఊరు దొరికేది వీటిలోనే. ఫోటోను పెద్దది చేసి ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుసగా చూస్తూ, కనిపించినవన్నీ కాగితం మీద రాసుకోండి. ఈ దశలో ఏ పేరూ అనుకోవద్దు. ఒకసారి "హంపి" అనుకున్నామా, ఆ తర్వాత ప్రతి రాయీ హంపి రాయిలాగే కనిపిస్తుంది.

అక్షరాలు, అంకెలు

అక్షరం కనిపిస్తే సగం పని అయినట్టే. భాష చదవడం రాకపోయినా లిపి ఆకారం చాలు. తెలుగు, కన్నడ దూరం నుంచి ఒకేలా ఉంటాయి కాబట్టి తలకట్టు చూడండి. తెలుగు తలకట్టు టిక్కు గుర్తులా వాలుగా పైకి లేస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా సాగి చివర వంపు తిరుగుతుంది. తమిళంలో మన ఒత్తుల్లాంటివి ఉండవు, పొల్లుకు బదులు అక్షరం నెత్తిన చుక్క ఉంటుంది. ఒడియా అక్షరాల పైభాగం గొడుగులా గుండ్రంగా ఉంటుంది. బెంగాలీ, అస్సామీ లిపుల్ని విడదీయడానికి 'ర' ఒక్కటి చాలు: బెంగాలీలో దాని కింద చుక్క, అస్సామీలో దాని మీదుగా అడ్డగీత.

వాహనాల నంబరు ప్లేట్లు కాలాన్ని కూడా చెబుతాయి. తెలంగాణలో 2014 తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయి. టీజీ ప్లేటున్న కారు కనిపిస్తే ఆ ఫోటో అంతకు ముందుది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త బండ్లకు జిల్లాతో సంబంధం లేకుండా ఏపీ 39 ఇవ్వడం మొదలుపెట్టారు. అందుకే ఆ నంబరు రాష్ట్రాన్ని చెబుతుందే తప్ప జిల్లాను పట్టివ్వదు.

ఒక హెచ్చరిక. బండి ఎక్కడి నుంచి వచ్చిందో ప్లేటు చెబుతుంది, ఎక్కడ నిలబడిందో చెప్పదు. షిర్డీలోనూ, అరుణాచలంలోనూ, కాశీలోనూ మన బస్సులు బారులు తీరి ఉంటాయి. తెలుగు యాత్రికుల కోసం అక్కడి హోటళ్లు తెలుగులో బోర్డులు పెడతాయి. తెలుగు బోర్డు కనిపించగానే మన రాష్ట్రమే అని తీర్మానించకండి. పోలీస్ స్టేషన్, పంచాయతీ కార్యాలయం, బడి లాంటి ప్రభుత్వ బోర్డు ఏ భాషలో ఉందో చూడండి.

రోడ్డు పక్కన కిలోమీటరు రాయి పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద ఊరి పేరు చెరిపేసినా, సముద్రమట్టం నుంచి ఎత్తు మిగిలి ఉంటే అది గొప్ప ఆధారం. ఆ అంకె 996 మీటర్లు దాటి, చుట్టూ తూర్పు కనుమల పచ్చని కొండలు ఉంటే అది అరకు దారిలోని శిమిలిగూడ.

నీడ, నేల, నీరు

అక్షరమే లేని ఫోటో వస్తే ప్రకృతిని చదవాలి. సముద్రంలో సూర్యుడు అస్తమిస్తుంటే ఆంధ్ర తీరాన్ని పక్కన పెట్టేయండి. మనకు సముద్రం తూర్పున ఉంది, ఉదయించడమే చూస్తాం. గోవా, కొంకణ్, కేరళ వైపు వెళ్లాలి. కన్యాకుమారి దగ్గర రెండూ కనిపిస్తాయి. ఇంటి కప్పు మీది డిష్‌ను కూడా వదలకండి. వాటికి టీవీ ప్రసారాలు పంపే ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన ఉంటాయి కాబట్టి భారతదేశంలో డిష్‌లు దక్షిణం వైపు చూస్తాయి, ఆస్ట్రేలియాలో ఉత్తరం వైపు చూస్తాయి. డిష్ ఒక్కటి ఉంటే ఫోటోలో దిక్కులు తెలిసినట్టే.

నీడతో దిక్కు కనుక్కోవడంలో మనవారు ఒకచోట తడబడతారు. ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని పుస్తకాల్లో చదువుకున్నాం. ఢిల్లీలో అది ఏడాది పొడవునా నిజం. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. వేసవి ఫోటోల్లో ఇది గుర్తుంచుకోవాలి.

నేల గురించి ఎంత చెప్పినా తక్కువే. గుండ్రటి గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటే హైదరాబాద్ పరిసరాలు, అనంతపురం, హంపి లాంటి చోట్లు. పొరలు పొరలుగా చదునైన నాపరాళ్లను నిలువుగా పాతి కంచె కట్టి ఉంటే కడప, కర్నూలు వైపు వెతకాలి. గోడలకు, అరుగులకు, చివరికి ఇంటి కప్పుకు కూడా బండలే వాడి ఉంటే బేతంచెర్ల, తాండూరు లాంటి పేర్లు చూడాలి. ఎర్రని రాతి ఇటుకలతో కట్టిన గోడలు, వాలు పెంకుల ఇళ్లు పడమటి తీరాన్ని సూచిస్తాయి. గుండ్రని చుట్టిల్లు కనిపిస్తే ఉత్తరాంధ్ర వైపు వెళ్లండి. నీటి రంగు నెలను చెబుతుంది: ఎర్రగా పొంగుతున్న గోదావరి వానాకాలానిది, ఇసుక తిన్నెలు తేలిన గోదావరి వేసవిది.

కట్టడాల పోలికలు

అందరూ పొరబడే చోటు ఇదే. రాతిరథం ఫోటో వస్తే తొంభై మంది "హంపి" అంటారు. యాభై రూపాయల నోటు మీద ఉన్నది హంపి విఠలాలయంలోని రథమే కాబట్టి ఆ తొందర సహజం. కానీ మన తాడిపత్రిలో చింతల వెంకటరమణస్వామి ఆలయంలో గరుడ మండపం కూడా రాతిరథమే. తమిళనాడులో దారాసురం ఐరావతేశ్వరాలయ మండపాన్ని గుర్రాలు లాగే రథంలా మలిచారు. కోణార్క్‌లో గుడి మొత్తం 24 చక్రాల రథం. మహాబలిపురం పంచ రథాలకు చక్రాలే లేవు. కాబట్టి పేరు చెప్పే ముందు అడగండి: రథం విడిగా ఉందా, గుడిలో భాగమా? లాగుతున్నవి ఏనుగులా, గుర్రాలా? విశాలమైన ప్రాంగణంలో విడిగా నిలిచి, ముందు రెండు ఏనుగులుంటే హంపి అనవచ్చు.

నందులూ అంతే. ఏకశిలలో చెక్కిన భారీ నంది, మెడలో గంటలు, పైన మండపం లేకుండా ఆకాశం ఉంటే లేపాక్షి. స్తంభాల మండపం కింద ఉంటే తంజావూరు. నల్లగా మెరుస్తూ కొండదారి పక్కన ఉంటే మైసూరు చాముండి కొండ.

నకళ్లతో మరీ జాగ్రత్త. కాకతీయ తోరణం నమూనా తెలంగాణలో ఎన్నో ఊళ్ల ముఖద్వారాలకు కనిపిస్తుంది. అసలైనది వరంగల్ కోటలో శిథిలాల మధ్య నిలిచి ఉంది. చార్మినార్‌కు నమూనా పాకిస్తాన్‌లోని కరాచీలో, బహదూరాబాద్ కూడలిలో ఉంది. ఉర్దూ బోర్డులు హైదరాబాద్‌లోనూ ఉంటాయి, కానీ వాటి పక్కన తెలుగు కూడా కనిపిస్తుంది. తెల్లని గాలిగోపురం మీద మంచు పేరుకుని ఉంటే హిమాలయాలకు పరుగెత్తవద్దు. అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర 1970లలో కట్టిన శ్రీవేంకటేశ్వరాలయాన్ని ముందు చూడండి.

ఆధారపు వాక్యాన్ని విడదీయండి

ఫోటోతో పాటు ఇచ్చే మాటల్లో బిరుదులు ఎక్కువ. "ఆంధ్రా పారిస్" అంటే తెనాలి, "చిన్న తిరుపతి" అంటే ద్వారకా తిరుమల. ఇవి తేలిక. "దక్షిణ కాశీ" అన్నారంటే మాత్రం ఏమీ చెప్పనట్టే, ఆ పేరు చెప్పుకునే క్షేత్రాలు చాలా ఉన్నాయి. అలాంటి బిరుదును చివరికి సరిపోల్చుకోవడానికి మాత్రమే ఉంచుకోండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "నదులు కలిసే చోట వెలిసిన సంగమేశ్వరుడు, ఏడాదిలో చాలా నెలలు దర్శనమివ్వడు." మొదటి సగం ఎన్నో చోట్లకు సరిపోతుంది. కర్ణాటకలో కూడలసంగమం ఉంది. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది, అయితే శ్రీశైలం జలాశయంలో మునగకుండా దాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టారు, అక్కడ దర్శనానికి ఏ నెలా అడ్డు లేదు. వీటిని కొట్టేసేది రెండో సగమే. గుడి కనిపించకుండా పోయేది నీళ్లలో మునిగితేనే. శ్రీశైలం జలాశయం వెనుక నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే సప్తనదీ సంగమేశ్వరం ఒక్కటే మిగులుతుంది. ప్రతి ఆధారంలోనూ ఇలా తక్కిన చోట్లను కొట్టేసే మాట ఏదో చూడండి.

జిల్లా పేరు ఇస్తే ఆ పొడుపు ఎప్పటిదో కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. పాత పొడుపులో కర్నూలు జిల్లా అన్న సంగమేశ్వరం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అనంతపురం జిల్లా లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాకు చెందింది.

పనిముట్లు

గూగుల్ లెన్స్‌లో ఫోటో పెడితే పేరున్న కట్టడాలు క్షణంలో వచ్చేస్తాయి. ఆటలో దాన్ని అనుమతిస్తారో లేదో ముందే అడగండి. వాడితే మొత్తం ఫోటో కాకుండా ఒక్క శిల్పాన్నో, ఒక్క కొండ శిఖరాన్నో కత్తిరించి వెతికితే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. అది ఇచ్చిన మొదటి పేరునూ అనుమానించాల్సిందే. అది పోలికను చూస్తుంది, తాడిపత్రిని హంపి అనడానికి దానికీ అవకాశం ఉంది.

ఊరు ఊహకు అందాక ఉపగ్రహ చిత్రాల్లో నది వంపు, చెరువు ఆకారం, గుడి ప్రాకారం సరిపోల్చండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా చూడవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం నడిపే ఇస్రో వారి పటాల వెబ్‌సైట్ భువన్ 2009 నుంచి ఉంది. నేల మీది నుంచి చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ మన దేశంలో 2022లో 10 నగరాలతో మొదలైంది, వాటిలో హైదరాబాద్ ఒకటి. ఏ రోజు ఏ వేళ సూర్యుడు ఎటు ఉంటాడో సన్‌కాల్క్ అనే వెబ్‌సైట్ చెబుతుంది.

రుజువు చేయడం

వెడల్పైన నది, దాని మీద ఒడ్డు నుంచి ఒడ్డు దాకా వరుసగా తెల్లని కాంక్రీటు కమానులు, వాటి కింద రైలు. పక్కనే రాతి స్తంభాల మీద పాత ఇనుప వంతెన. ఇది రాజమహేంద్రవరం దగ్గర గోదావరి అని చాలామంది వెంటనే చెబుతారు, అది సరైనదే. కానీ అంతటితో ఆగకండి. కమానుల వంతెన సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు, 1997లో పూర్తయింది. పక్కనున్న హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకుంది. కాబట్టి పాత వంతెన మీద రైలు వెళుతున్న ఫోటో అయితే అది 1997 దాటినది కాదు. ఇక ఫోటో ఏ ఒడ్డు నుంచి తీశారు? ఇక్కడ గోదావరి దక్షిణానికి ప్రవహిస్తుంది. తూర్పు ఒడ్డున రాజమహేంద్రవరం, పడమటి ఒడ్డున కొవ్వూరు. కమానుల వెనక సూర్యుడు అస్తమిస్తుంటే తీసినవారు రాజమహేంద్రవరం ఘాట్ల వైపు ఉన్నారు. ఉదయిస్తుంటే కొవ్వూరు వైపు ఉన్నారు. అది ఉదయమో సాయంత్రమో తెలియకపోతే ఘాట్లో జనాన్ని, పడవల్ని, దీపాల్ని చూడండి. ఇప్పుడు మీ దగ్గర ఊరు, ఒడ్డు, వేళ, ఏ ఏడాదికి అటూ ఇటూ అన్నవన్నీ ఉన్నాయి.

జవాబు ఇచ్చేటప్పుడు కూడా పేరు ఒక్కటే విసిరేయకుండా కారణాలు రాయండి: "నాపరాళ్ల కంచె, ఎర్రని లోయ, కింద సన్నగా పెన్నా, కాబట్టి గండికోట." ఒకరి కారణం చదివి మరొకరు నేర్చుకుంటారు. మీ ఊహ తప్పినా ఎక్కడ దారి తప్పిందో అందరికీ కనిపిస్తుంది.

ఈ నైపుణ్యాన్ని యాత్రా స్థలాలకే పరిమితం చేయండి. ఎవరో తమ ఇంటి బాల్కనీలో నిలబడి దిగిన ఫోటోను, పిల్లలు బడి ముందు నిలబడిన ఫోటోను ఇదే పద్ధతిలో పట్టుకోవచ్చు, అందుకే అలాంటివాటిని ఆటలోకి రానివ్వకూడదు. పొడుపు మీరే పెడుతుంటే మీరు స్వయంగా తీసిన ఫోటోనే ఎంచుకోండి, అసలు ఫైలులో స్థల వివరాలు దాగి ఉంటే తీసేయండి. అంచుల్లో కనీసం ఒక్క నిజమైన ఆధారాన్నయినా మిగల్చండి. మొదటి రోజు ఫోటో మాత్రమే, రెండో రోజు బిరుదు, మూడో రోజు తక్కిన చోట్లను కొట్టేసే ఆ ఒక్క మాట ఇవ్వండి.