తొలి సౌండ్ ఆస్కార్‌ను వినడం ఎలా?

ఆస్కార్ సౌండ్ రికార్డింగ్ విభాగం గురించి తెలుసుకోవాలంటే ముందు విజేతల జాబితా చూడమనను, హెడ్‌ఫోన్ పెట్టుకోమంటాను. 1930 నవంబరులో ఈ అవార్డును తొలిసారి గెలిచిన 'ది బిగ్ హౌస్'తో మొదలుపెట్టండి. జైలు కథ. ముందుగా ఫ్యాను ఆపండి. దాని రొదా, పాత ఫిల్ము బుసా కలిసిపోయి నాకు ఒక సాయంత్రమంతా దండగయింది.

ఖైదీలు వరుసగా నడిచే చోట కళ్లు మూసుకుని ఆ బూట్ల చప్పుడు వినండి. తర్వాత అదే ముక్కను శబ్దం లేకుండా చూడండి. సగం జైలు మాయమైపోతుంది!

ఇప్పుడు జాబితా తీయండి. విజేత ఎంజీఎం స్టూడియో సౌండ్ విభాగాధిపతి డగ్లస్ షియరర్. అదే రాత్రి ఆయన చెల్లెలు నార్మా ఉత్తమ నటి అయింది. ఆ ఇంట్లో పండగే అయివుంటుంది. తర్వాతి రెండుసార్లూ సినిమా పేరు కనిపించకపోతే కంగారు పడకండి. ఆ బహుమతులు పారమౌంట్ స్టూడియో సౌండ్ విభాగానికి వెళ్లాయి. అక్కడ ఒక్క సినిమా కోసం వెతకడం వృథా. 1934 వేడుక దగ్గర 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' పేరు కనిపిస్తుంది. హెడ్‌ఫోన్ మళ్లీ అప్పుడు పెట్టుకోండి.