ఇంజిన్ మార్చాక ఆటోమేటిక్ గేర్‌బాక్స్ – 4వ పాఠం: థ్రాటిల్ వాల్వ్ కేబుల్

గత పాఠంలో టార్క్ కన్వర్టర్‌ను (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) గేర్‌బాక్స్ పంపులోకి పూర్తిగా కూర్చోబెట్టడం, ఇంజిన్ వెనక ఉండే ఫ్లెక్స్‌ప్లేట్ అనే పలకకూ దానికీ మధ్య సందు కొలవడం చూశాం. అక్కడ లోపం లేదని తేలాకే ఇక్కడికి రండి. ఉదాహరణ బండి అదే: అమెరికన్ గ్యారేజీల్లో తరచుగా కనిపించే పాత షెవర్లే, కొత్తగా దించిన స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్, హోలీ కంపెనీ కార్బ్యురేటర్, 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్.

బండి కదులుతుంది, గేర్లూ పడతాయి. అయితే అన్నీ తొందరపడి, మెత్తగా పడిపోతాయి. పెడల్ లోతుగా తొక్కితే ఇంజిన్ హోరు పెరుగుతుంది తప్ప వేగం అందుకోదు. చాలామంది ఇక్కడే గేర్‌బాక్స్ పోయిందనుకుని విప్పేస్తారు. మొన్నటిదాకా బాగా పనిచేసినదైతే ముందు అనుమానించవలసింది దాన్ని కాదు, కార్బ్యురేటర్ నుంచి దానికి వెళ్లే సన్నని థ్రాటిల్ వాల్వ్ కేబుల్‌ను.

1982 మోడల్ కార్లతో వచ్చిన 700ఆర్4లో గేర్లు మార్చే కంప్యూటర్ లేదు. ఇంజిన్ మీద ఎంత భారం పడుతోందో దానికి చెప్పేది ఆ కేబులే. పెడల్ తొక్కేకొద్దీ కేబుల్ గేర్‌బాక్స్ లోపలి ప్లంజర్‌ను (చిన్న కడ్డీని) నెట్టిస్తుంది, ఆయిల్ పీడనం పెరుగుతుంది, ఆ పీడనమే క్లచ్ పలకలను అదిమి పట్టుకుంటుంది. కేబుల్ వదులైతే పట్టు చాలక పలకలు జారి కాలిపోతాయి. సాధారణంగా ముందు బలయ్యేది 3–4 గేర్ల క్లచ్. కేబుల్ మరీ బిగుతైతే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి.

అంతకుముందు తరం గేర్‌బాక్స్ టీహెచ్350లో కేబుల్ పని కిక్‌డౌన్ (పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కింది గేర్‌కు దించడం) ఒక్కటే. భారాన్ని ఇంజిన్ వాక్యూమ్ (గాలి పీల్పు) ద్వారా మాడ్యులేటర్ అనే వేరే భాగం గ్రహిస్తుంది కనుక, కేబుల్ లేకపోయినా బండి నడుస్తుంది. ఆ అలవాటుతో 700ఆర్4ను కూడా ‘ఒక్క చుట్టు తిప్పి చూద్దాం’ అంటూ కేబుల్ సరిచేయకుండా రోడ్డెక్కించేవారిని చూస్తే నాకు ప్రాణం విలవిలలాడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇంజిన్ ఆపి, ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమనండి. కార్బ్యురేటర్ పూర్తిగా తెరుచుకోకపోతే ముందు అది సరిచేయాలి. తరువాత కేబుల్ సర్దుబాటు మీట నొక్కి, స్లైడర్‌ను కార్బ్యురేటర్‌కు దూరంగా చివరిదాకా నెట్టి, మీట వదలండి. ఇప్పుడు కార్బ్యురేటర్ లివర్‌ను చేత్తో పూర్తిగా తెరవండి. స్లైడర్ టకటకమంటూ వెనక్కి జరిగి తన చోటు తానే చూసుకుంటుంది.

అసలు చిక్కు లివర్ ఆకారంలో ఉంది. కంపెనీ బిగించిన క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్ లివర్‌కు, హోలీ లివర్‌కు కేబుల్ తగిలే చోటు ఒకటి కాదు. చివర్లో సరిపోయినట్టు కనిపించినా, సగం పెడల్ దగ్గర హోలీ కేబుల్‌ను తక్కువ లాగుతుంది. మనం ఊళ్లో నడిపేది ఎక్కువగా ఆ సగం పెడల్‌తోనే! అందుకే కేబుల్ కోణాన్ని సరిదిద్దే బ్రాకెట్ తప్పనిసరిగా వేయండి.

ఆపైన గేర్‌బాక్స్ ఎడమ పక్క, గేర్ మార్చే లివర్‌కు పైనున్న రంధ్రంలో పీడన గేజీ బిగించండి. గేర్‌ను పార్క్ (P) స్థానంలో ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా కేబుల్‌ను చేత్తో మెల్లగా లాగితే గేజీ ముల్లు కూడా మెల్లగా ఎక్కాలి. కదలకపోతే ఆయిల్ పాన్ దించి, లోపలి లివర్‌కు కేబుల్ కొక్కెం తగిలి ఉందో లేదో చూడండి. ముల్లు సరిగ్గా ఎక్కుతున్నా బండి జారుతుంటే, ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే, పలకలు అప్పటికే కాలినట్టే. వాటిని మార్చవలసిందే.

5వ పాఠం: కన్వర్టర్ లాకప్ వైరింగ్.